గద్ద వంతును తలకెత్తుకున్న మద్దిలేటి

అనగా అనగా, మీ ముత్తాతకు ముత్తాత ఇంకా దోగాడుతున్న రోజుల్లో, జొన్నచేల నడుమ ఒక ఊరుండేది. ఆ ఊరి పేరు మాత్రం నేను చెప్పను. చెబితే, ఎందుకు చెప్పావని ఆ ఊరివాళ్లు నా మీద అనుమానపడతారు. వాళ్ల సంగతి మీకు తెలీదు.

ఆ ఊళ్లో ఎవరైనా నవ్వితే, నన్ను చూసేనా అని పక్కవాడు అడిగేవాడు. నవ్వకపోతే, మనసులో ఏం పెట్టుకున్నావని అడిగేవాడు. ఎండన పడి వచ్చినవాడికి చల్ల పోస్తే, ముందు నువ్వొక గుక్క తాగి చూపించమనేవాడు. ఆడవాళ్లు గోడకు కొట్టిన పిడకల మీద ఎవరి గుర్తు వాళ్లు వేలితో గీసుకునేవాళ్లు. అట్లాగని మనుషులు చెడ్డవాళ్లేం కాదు. ఆకలని వచ్చినవాడికి సంగటి ముద్ద పెట్టకుండా పంపేవాళ్లు కాదు. పెట్టి, వాడు తినేదాకా ఎదురుగా కూచుని, ఏ ఊరు, ఎందుకొచ్చావు, మళ్లీ ఎప్పుడు పోతావని ఆరా తీసేవాళ్లు. అంతే.

ఆ ఊరికి ఇంకే ఊళ్లోనూ లేని కట్టుబాటు ఒకటుండేది. కోడిపెట్ట గుడ్లు పొదిగి పిల్లల్ని చేస్తుంది గదా. ఒకటి రెండు రోజులకు గంప దిగి పిల్లల్ని మేతకు పిలుచుకుపోతుంది. లేవగలిగినవన్నీ దాని వెంట పోతాయి. లేవలేనిది ఏదో ఒకటి గంపలో మిగిలిపోతుంది. అట్లా మిగిలిపోయినదాన్ని ఊరి బయట ఉన్న పెద్ద బండ మీద గద్దకు పెట్టాలి. అది గద్ద వంతు. దాని వంతు దానికి అందితే, మిగతా పిల్లల జోలికి అది రాదని పెద్దలు చెప్పారు. ఈ ఒప్పందం గద్దతో ఎవరు కుదుర్చుకున్నారో, గద్ద సరేనందో లేదో, అంత అనుమానాల ఊళ్లో ఒక్కరూ అడగలేదు. అడగవలసినది అదొక్కటే.

వంతు పెట్టడానికి మూడు నియమాలు. బండ మీద పెట్టాలి. నోరెత్తకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు.

ఆ వంతు పెట్టే పని మద్దిలేటిది.

మద్దిలేటి పిట్టల కావలివాడు. జొన్న పాలు పట్టిన కాడి నుంచి కోత దాకా మంచె మీద నిలబడి, రాళ్లు విసిరే వడిసెల తిప్పి, “హోయ్ హోయ్” అని కేక పెడితే, చిలకలూ పిచ్చుకలూ పక్కూరి చేలకు పోయేవి. పొట్టి మనిషి. బోడితల. దాని మీద ఎనిమిది మూరల పాత తలపాగా. పెండ్లాం పోయి చాలా ఏండ్లయింది, పిల్లలు లేరు. చేను పక్కన బోదగడ్డి కొట్టంలో ఉండేవాడు. ఇంటికొక ముద్ద చొప్పున ఊరే వాడికి తిండి పెట్టేది. మాట తక్కువ. ఎక్కువ మాట్లాడితే ఆ ఊళ్లో బతకలేమని వాడికి చిన్నప్పుడే అర్థమైంది.

ముప్పై ఏండ్లుగా గద్ద వంతు వాడే పెడుతున్నాడు. పెట్టేవాడు, నోరెత్తేవాడు కాదు, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. పెట్టినప్పుడల్లా అవి కీచుమనేవి. ఆ రోజు ముద్ద వాడికి సరిగా దిగేది కాదు. మరుసటి రోజుకు మరిచిపోయేవాడు.

ఒక ఏడు ఉరుకుందమ్మ గారి చుక్కల పెట్ట పదకొండు గుడ్ల మీద కూచుంది. ఉరుకుందమ్మ అంటే ఆ ఊళ్లో అందరికన్నా ఎక్కువ కోళ్లున్న మనిషి, అందరికన్నా ఎక్కువ అనుమానమున్న మనిషి కూడా. పెట్ట పది పిల్లల్ని వెంటేసుకుని గంప దిగింది. పదకొండోది ఒక రోజు ఆలస్యంగా గుడ్డు పగలగొట్టుకుని వచ్చింది. వీపు మీద పెంకు ముక్క అతుక్కునే ఉంది. కాళ్లు రెండూ చెరో పక్కకు జారిపోతున్నాయి. ఉరుకుందమ్మ దాన్ని పాత చీర పేలిక మీద వేసి, చేటలో పెట్టి, మద్దిలేటి చేతికిచ్చింది. ఇచ్చి, వాడు బండ దారి పట్టేదాకా వాకిట్లో నిలబడి చూసింది.

మద్దిలేటి బండ ఎక్కాడు. పేలికతో సహా పిల్లను పెట్టాడు. తిరిగాడు. నడిచాడు.

ఒక అడుగు వేశాడు. కీచుమంది. అన్నీ అట్లాగే అంటాయి గదా అనుకున్నాడు.

రెండో అడుగు వేశాడు. కీచుమంది. ఈసారి కొంచెం దగ్గరగా వినిపించింది.

మూడో అడుగు వేశాడు. ఇంకా దగ్గరగా వినిపించింది. పెట్టిన చోటు నుంచి వచ్చే అరుపు అట్లా దగ్గరవ్వదు. ముప్పై ఏండ్లలో వాడి వెనకాల ఏదీ నడిచి రాలేదు.  ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు.

పిల్ల పేలిక దిగి వస్తోంది. నడవడం కాదు, పొట్ట మీద ఈడ్చుకుంటూ వస్తోంది. తల ఎత్తుతుంది, కీచుమంటుంది, ముక్కు బండకు కొట్టుకుంటుంది, మళ్లీ తల ఎత్తుతుంది. అది సరిగా కళ్లు తెరిచింది బండ మీదనే, అక్కడ చూసిన కదిలే వస్తువు మద్దిలేటి ఒక్కడే. వాడినే తల్లి అనుకుంది. పైన గద్ద అప్పటికే రెండు చుట్లు తిరిగింది.

మద్దిలేటి మూడడుగులూ వెనక్కి వేశాడు. నోరెత్తకుండానే పిల్లను తీశాడు, పేలికనూ తీశాడు. తలపాగా వదులు చేసి, మడతల నడుమ పిల్లను పెట్టి, మళ్లీ చుట్టుకున్నాడు. బండ దిగి దారిలో పడ్డాక గానీ నోరు తెరవలేదు.

“ఏం పని చేస్తివిరా మద్దిలేటీ,” అని తనను తనే అనుకున్నాడు. “ఊరికి తెలిస్తే నిన్ను పొలిమేర దాటిస్తారు గదరా.”

తలపాగాలో కీచుమని వినిపించింది. వాడికి భయం వేసింది. భయం వెనకాలే, ఎందుకో తెలీదు, సంతోషం కూడా వేసింది.

కొట్టంలో గోరువెచ్చని నీళ్లతో పెంకు ముక్క నాననిచ్చి, చర్మం ఊడకుండా తీశాడు. పేలిక నుంచి దారం లాగి, రెండు కాళ్లనూ వేలెడు ఎడంతో వదులుగా కట్టాడు. అట్లా కడితే కాళ్లు పక్కకు జారకుండా నిలబడతాయి. మేకపిల్లలకు అట్లా కట్టడం వాడు చూశాడు. మొదటి రోజు వేలికొసన నీటిబొట్టు తప్ప ఏమీ పెట్టలేదు. రెండో రోజు నానబెట్టిన కొర్ర నూక పెట్టాడు. మూడో రోజు చెదపుట్ట తవ్వి, మట్టిపెల్ల దులిపి, తెల్లటి చెదలు అరచేతిలో పెట్టాడు. పిల్ల మూడు తిని, నాలుగోదాని కోసం వాడి అరచేతి పుట్టుమచ్చను పొడిచింది.

కొట్టానికి తలుపు లేదు. పగలంతా పిల్లను అక్కడ వదిలితే కుక్కలుంటాయి, కుక్కల కంటే ముందు మనుషులుంటారు. పైగా అంత చిన్నదానికి వెచ్చదనం కావాలి. అందుకని వాడి తలే దానికి గంప అయింది. చీకటిగా, వెచ్చగా ఉంటే పిల్ల అరవదు. ఎప్పుడైనా అరిస్తే మద్దిలేటి గట్టిగా ఏదో ఒక కూనిరాగం తీసేవాడు.

ఇక ఊరి సంగతి వినండి. వంతు పెట్టిన సాయంత్రమే గద్ద ఉరుకుందమ్మ వాకిట్లో ఒక పిల్లను ఎత్తుకుపోయింది. మరుసటి రోజు ఇంకోటి. మూడో రోజు ఇంకో ఇంట్లో మూడోది. నిజం చెప్పాలంటే గద్ద ఏటా ఎత్తుకుపోయేదే. వంతు పెట్టిన ఏడాది కూడా పిల్లలు పోతే, అది పొరుగూరి గద్దల పనే అనుకునేవాళ్లు. కానీ ఈసారి బండ కింద గడ్డి కోస్తున్న ఆడమనిషి ఒకతె, గద్ద బండ మీద వాలి ఉత్త కాళ్లతో లేచిపోవడం చూశానని చెప్పింది. అంతే, ఊరికి పని దొరికింది.

గద్ద వంతు ఎవరో కాజేశారు. ఎవరు?

మొదట పక్కింటివాళ్లను అనుమానించారు. తరవాత ఎదురింటివాళ్లను. ఆ తరవాత ఇంట్లోవాళ్లను. ఊరికి పెద్ద అయిన పెద్దరెడ్డి మనుషుల్ని పెట్టి ఇల్లిల్లూ వెతికించాడు. గాదెలు వెతికారు, అటకలు వెతికారు, పురిటి మంచం కింద కూడా వెతికారు. ఒకామె చంకలో బిడ్డను గట్టిగా హత్తుకుని పోతుంటే ఆపి, బిడ్డేనా కాదా అని ముఖం మీది గుడ్డ తీసి చూశారు. వెతికేవాళ్లను వెతికేదానికి ఇంకో నలుగురిని పెట్టారు.

ఉరుకుందమ్మ నేరుగా మంచె దగ్గరికి వచ్చింది.

“మద్దిలేటీ, బండ మీద పెట్టినావా?” అంది.

“పెట్టినానమ్మా.”

“నోరెత్తినావా?”

“లేదమ్మా.”

“వెనక్కి చూసినావా?”

మద్దిలేటి అబద్ధాలు ఆడే మనిషి కాదు. నిజం చెప్పే ధైర్యమూ లేదు. “మెడ పట్టుకోనుందమ్మా,” అన్నాడు. “తిప్పేదానికి రాదు.”

వాడు చెప్పింది నిజమే. తల వంచకుండా మూడు రోజులు తిరిగితే ఎవరి మెడైనా పట్టుకుంటుంది. కానీ అడిగింది ఉరుకుందమ్మ. అడిగినదానికి కాకుండా వేరేదానికి జవాబు వచ్చిందని ఆమెకు వెంటనే తెలిసిపోయింది. ఇంటికి పోతూ దారిలో కనబడినవాళ్లందరికీ ఆ మాట చెప్పింది. 

ఆ రోజు నుంచి ఊరి కళ్లన్నీ వాడి మీద పడ్డాయి. చూసేకొద్దీ అనుమానానికి మేత దొరికింది. మద్దిలేటి నెత్తిన నీళ్లకుండ పెట్టుకున్నట్టు నడుస్తున్నాడు. రెడ్డి ఎదురైతే వంగి దండం పెట్టే మనిషి, ఇప్పుడు మోకాళ్లు వంచి దండం పెడుతున్నాడు. వడిసెల తిప్పడం మానేశాడు, తలపైన తిప్పితే పిల్ల అదిరిపోతుందని వాడి భయం. కేక పెట్టడం మానేశాడు. చప్పట్లు కొట్టుకుంటూ చేనంతా కాలినడకన తిరుగుతున్నాడు. ఏండ్ల తరబడి నోరు విప్పనివాడు ఉన్నట్టుండి కూనిరాగాలు తీస్తున్నాడు. రోజూ చెదపుట్టలు తవ్వుతున్నాడు. తవ్వి చుట్టూ చూస్తున్నాడు. ముఖ్యంగా, తలపాగా తీయడం లేదు.

ఊరు మూడు చీలికలైంది. పుట్టలో వాడికి బంగారు నగ దొరికిందనీ, దాన్ని తలపాగాలో దాచాడనీ కొందరు అన్నారు. నగ కాదు, మంత్రించిన ఎముకేదో పెట్టుకున్నాడని కొందరు అన్నారు. ఎముకా కాదు, ఊరి గుట్టుమట్లన్నీ బొగ్గుతో గుడ్డ మీద గీసి దొంగలకు పంపబోతున్నాడని మిగతావాళ్లు అన్నారు. మద్దిలేటికి గీత గీయడం కూడా రాదని ఎవరికీ గుర్తు రాలేదు. కోడిపిల్ల అని మాత్రం ఎవరూ అనుకోలేదు. తల మీద కోడిపిల్లను మోసేవాడు ఒకడుంటాడని అనుమానించడానికి కూడా ఒక మాదిరి మంచితనం కావాలి.

ముద్ద పెట్టే ఇండ్లు తగ్గిపోయాయి. పెట్టిన ఇండ్లలో కూడా వాకిట్లోనే పెట్టి, వాడి తల వైపు చూస్తూ నిలబడేవాళ్లు. ఒకాయన దారిలో ఎదురొచ్చి, తలపాగా బాగుంది, నాకు అమ్ముతావా అని అడిగాడు. ఇంకొకామె, ఉతికి పెడతా ఇవ్వన్నా అంది.  మద్దిలేటి ఈ ఊరు వదిలిపెట్టి పోదామా అనుకున్నాడు. పంట చేతికొచ్చే వేళ కావలివాడు పారిపోతే వెంటపడి పట్టుకుంటారు. పిల్లను దూరంగా ఎక్కడైనా వదిలేద్దామా అనీ ఒకసారి అనుకున్నాడు. అనుకున్నందుకు సిగ్గుపడ్డాడు. అప్పటికి పిల్ల దారం కట్టిన కాళ్ల మీద నిలబడుతోంది. రెక్కల చివర్న చిన్న ఈకలు మొలిచాయి. చెదలు చూపిస్తే నాలుగడుగులు నడిచి వస్తోంది.

పన్నెండో రోజు పెద్దరెడ్డి చాటింపు వేయించాడు. మిట్టమధ్యాహ్నం ఊరంతా బండ దగ్గరికి రావాలి. ప్రతి మగవాడూ తలగుడ్డ తీసి బండ మీద పెట్టి, గద్ద వంతు నేను తీయలేదని ప్రమాణం చేయాలి. ఆ ఊళ్లో ప్రమాణమంటే అట్లాగే చేస్తారు. తలగుడ్డ తీయకుండా చేసిన ప్రమాణం చెల్లదు.

చాటింపు విన్నప్పుడు మద్దిలేటి పిల్లకు నూక పెడుతున్నాడు. మిగిలిన నూక తినిపించి, దాన్ని తలపాగాలో పెట్టుకుని బయలుదేరాడు.

ఊరంతా వచ్చింది. రెడ్డి ముందు తలగుడ్డ తీసి పెట్టి ప్రమాణం చేశాడు. ఆయన తలగుడ్డలో ఏముందో అని ముగ్గురు తొంగి చూశారు. తరవాత ఒక్కొక్కరే వచ్చారు. చిట్టచివరికి, అందరికన్నా చిన్న మనిషి గనక, మద్దిలేటి వంతు వచ్చింది.

“తలగుడ్డ తీయి,” అన్నాడు రెడ్డి.

మద్దిలేటి కదల్లేదు.

“తీయప్పా,” అని రెండోసారి అన్నాడు.

కదల్లేదు. గుంపులో గుసగుసలు మొదలయ్యాయి. ఉరుకుందమ్మ చేతికర్ర ఎత్తి ముందుకొచ్చింది. కర్రతో తలపాగా ఎగరగొట్టేటట్టు ఉంది. అది కింద పడితే పిల్ల బండకు కొట్టుకుని చచ్చిపోతుంది. మద్దిలేటికి ఇక వేరే దారి కనబడలేదు. రెండు చేతులతో తలపాగాను మెల్లగా ఎత్తి, మోకాళ్ల మీద కూచుని, బండ మీద పెట్టాడు. మడతలు విప్పాడు.

కోడిపిల్ల బయటికి వచ్చింది. ఎండకు కళ్లు చికిలించింది. ఒళ్లు దులుపుకుంది. దారం కట్టిన కాళ్లతో అడుగులేసుకుంటూ పోయి మద్దిలేటి మోకాలికి ఆనుకుని నిలబడింది.

నగ కోసం వచ్చినవాళ్లు, ఎముక కోసం వచ్చినవాళ్లు, గీతల కోసం వచ్చినవాళ్లు అందరూ నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు.

“నేను ప్రమాణం చెయ్యను రెడ్డీ,” అన్నాడు మద్దిలేటి. “బండ మీద పెట్టిన మాట నిజం. నోరెత్తని మాట నిజం. వెనక్కి మాత్రం చూసినా.”

“ఏమిటికి చూసినావు?” అన్నాడు రెడ్డి.

“అది నా వెంట వచ్చె. నన్ను పిలిచె.” వాడు పిల్ల మీద చెయ్యి పెట్టాడు. “ముప్పై ఏండ్లు పెడితి గద రెడ్డీ. అన్నీ పిలిచే ఉంటాయి. నేనే చూడకపోతి.”

 ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కానీ ఊరు ఊరే గదా. ఎవరో వెనకనుంచి, గద్ద ఎత్తుకుపోయిన మా పిల్లల సంగతేందని అడిగారు. లేవలేనిదే గద్ద వంతని గదా కట్టుబాటు, ఇదిప్పుడు లేచింది గదా, చూడండని మద్దిలేటి బతిమాలాడు. ఉరుకుందమ్మ ఒప్పుకోలేదు. అది లేవలేదు, నువ్వు లేపినావు, రెండూ ఒకటెట్లయితాయి అంది. రెడ్డి కూడా వంతు వంతే అన్నాడు. పిల్లను అక్కడే పెట్టి అందరూ వెనక్కి తిరిగి పోవాలి, మద్దిలేటి కూడా పోవాలి, పోయి కావలి చూసుకుంటే తప్పు మాఫీ చేస్తానన్నాడు. వాడి తిండి, కొట్టం, పరువు అన్నీ వాడికే ఉంటాయన్నమాట. పిల్ల ఒక్కటే ఉండదు.

మద్దిలేటి లేవలేదు. బండ మీద చతికిలబడ్డాడు.

“లేవలేనోళ్లను ఈడ పెట్టాలంటే నన్ను గూడా పెట్టండి రెడ్డీ,” అన్నాడు. “రేపో మాపో నేనూ లేవలేను. నన్ను లేపేటోళ్లు ఎవరున్నారు?”

రెడ్డికి కోపం వచ్చింది. పెద్దమనుషులకు ఎదురు ప్రశ్న వేస్తే కోపమే వస్తుంది. నీ కర్మ అన్నాడు. అందరూ తిరగండి, ఎవరూ వెనక్కి చూడొద్దన్నాడు. ఊరంతా వీపు తిప్పి నడిచింది.

మద్దిలేటి ఆ వీపుల్ని చూశాడు. తనకు తెలియని వీపు ఒక్కటీ లేదు. ప్రతి ఇంటి ముద్దా తిన్నాడు, ప్రతి చేనూ కాచాడు. ఒక్కరైనా ఆగుతారేమోనని చూశాడు. ఎవరూ ఆగలేదు. బండ మీద గద్ద నీడ పడింది. వడిసెల భుజాన ఉంది గానీ, దాంట్లో రాయి పెట్టాలంటే పిల్లను వదలాలి. వదల్లేదు. పిల్లను పొట్ట కింద పెట్టుకుని, నుదురు బండకు ఆనించి, ముడుచుకుపోయాడు.

గద్ద ఒకసారి దిగింది. బోడితల మీద గోళ్లు దిగాయి. మద్దిలేటి కదల్లేదు.

రెండోసారి దిగింది. రక్తం చెవుల పక్కనుంచి కారి బండ మీద పడింది. పొట్ట కింద పిల్ల కీచుమంది. మద్దిలేటి అలవాటుగా కూనిరాగం తీయబోయాడు. రాలేదు.

మూడోసారి గద్ద దిగలేదు. “హోయ్ హోయ్” అని కేక వినిపించింది. అది వాడి కేకే, కానీ వాడి గొంతు కాదు. మొదట ఒక గొంతు, తరవాత పది గొంతులు, తరవాత ఊరంతా. రాళ్లు గాల్లో ఎగిరాయి.

ఏం జరిగిందంటే, ఊరు నడుస్తూ నడుస్తూ ఉండగా ఉరుకుందమ్మకు ఒక అనుమానం వచ్చింది. రెడ్డి నియమం చెప్పి తనే వెనక్కి చూస్తాడేమో అని. రెడ్డికి ఉరుకుందమ్మ మీద అదే అనుమానం వచ్చింది. ముందు నడిచేవాళ్లకు వెనకవాళ్ల మీద, ఎడమవైపు వాళ్లకు కుడివైపు వాళ్ల మీద వచ్చింది. పక్కవాడు చూస్తున్నాడేమో చూద్దామని ప్రతి ఒక్కరూ తల తిప్పారు. ఎవరు ముందు తిప్పారో ఈ రోజుకీ తేలలేదు. ఆ ఊళ్లో ఏ ఇంట్లో అడిగినా మా అవ్వే ముందు తిరిగిందని చెబుతారు. పక్కింటివాళ్లు నమ్మరు.

తిరిగి, చూశారు. ఆ బండ మీద ఏం జరుగుతుందో ఆ ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూసి ఎరగరు. చూడకూడదనే గదా నియమం. చూశాక ఒక్కరి కాళ్లూ ముందుకు పడలేదు.

ఉరుకుందమ్మ తన చీర చెంగు చించి మద్దిలేటి తలకు కట్టింది. కడుతూ ఏడ్చింది. ఏడుస్తూనే పిల్లను ఎత్తి అటూ ఇటూ తిప్పి చూసి, ఈ కాళ్లకు కట్టిన దారం యాడిదని అడిగింది. నువ్విచ్చిన పేలికదేనమ్మా అన్నాడు మద్దిలేటి. ఆమె పిల్లను తిరిగి వాడి చేతుల్లో పెట్టింది.

గద్ద ఆ తరవాత కూడా పిల్లల్ని ఎత్తుకుపోయింది. గద్దలు ఎత్తుకుపోతాయి. కానీ నియమం ఎవరు తప్పారని అడిగేదానికి ఎవరికీ నోరు రాలేదు. అందరూ తప్పారు. అట్లా ఆ కట్టుబాటు పోయింది. గంపలో మిగిలిన పిల్లను పాత తలగుడ్డలో చుట్టి పొయ్యి పక్కన పెట్టడం మొదలుపెట్టారు. దానికి మద్దిలేటి పిల్ల అని పేరు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను కూడా ఆ ఊరి మంత్రసానులు ఇప్పటికీ మద్దిలేటి పిల్ల అనే అంటారు. అని, బతుకుతుందిలే అంటారు.

మద్దిలేటి ఇంకో మూడేండ్లు బతికాడు. గాయాలు మానాయి గానీ, చలిగాలి తగిలితే తల పట్టుకుని కూచునేవాడు. ఆ పిల్ల పెరిగి, కొంచెం కుంటే పెట్ట అయి, వాడి కొట్టంలోనే గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని చేసింది. మూడో ఏడు చలికాలంలో, మంచి ఎండవేళ, మంచె మీద కూచున్నవాడు కూచున్నట్టే పోయాడు. కేక వినబడకపోయేసరికి అనుమానం వచ్చి, పోయి చూశారు.

ఊరంతా మోసుకుపోయి పూడ్చిపెట్టింది. మట్టి వేశారు. నీళ్లు చల్లారు. ఇక ఇండ్లకు తిరగాలి. పూడ్చినచోటు నుంచి వచ్చేటప్పుడు వెనక్కి చూడకూడదని మీకు తెలుసు గదా. ఎక్కడైనా అదే ఆచారం. చూస్తే పోయినవాళ్ల ప్రాణం మన వెంట వస్తుందంటారు.

ఒక అడుగు వేశారు. రెండో అడుగు వేశారు. మూడో అడుగు దగ్గర ఉరుకుందమ్మ ఆగిపోయింది. నడువమ్మా, చూడకూడదు అన్నాడు రెడ్డి.

“పిలుస్తాండాడేమో,” అంది ఉరుకుందమ్మ.

ఆమె తిరిగింది. రెడ్డి తిరిగాడు. ఊరంతా తిరిగి నిలబడింది. కొత్త మట్టి తప్ప ఏమీ లేదు. ఎవరూ పిలవలేదు. అయినా చాలాసేపు నిలబడి చూశారు.

ఆ ఊళ్లో అనుమానాలు ఇంకా అట్లాగే ఉన్నాయి. మీరు పోతే, ఎందుకొచ్చారని అడుగుతారు. కానీ ఎవరినైనా పూడ్చిపెట్టి వచ్చేటప్పుడు మాత్రం, పేదవాడైనా, గొప్పవాడైనా, దారిన పోతూ చచ్చిన పరాయివాడైనా, మూడో అడుగు దగ్గర అందరూ ఆగుతారు. ఆగి, వెనక్కి తిరిగి, ఎవరూ పిలవడం లేదని తేల్చుకుంటారు. ఆ తరవాతే ఇండ్లకు పోతారు. మనమూ పోదాం పదండి.